పొలిమేర కుండలో వండుకున్న రాత్రి

ముందే ఒక మాట. మధ్యలో ఎవరైనా కిసుక్కున నవ్వితే అక్కడికక్కడే ఆపేస్తాను. అమ్మ మీద ఒట్టేయమని మాత్రం అడక్కండి... అమ్మకి అబద్ధం చెప్పే ఆ ట్రిప్పుకి వెళ్లాను. ఆవిడ మీద ఒట్టేసే మొహం నాకు లేదు. నా రెండు కళ్ల మీద ఒట్టు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

నేనూ ఝాన్సీ విజయనగరంలో ఒకే హాస్టల్ గదిలో మూడేళ్లు ఉన్నాం. డిగ్రీ చివరి సంవత్సరం. దానికి యూరప్ పిచ్చి. వీపుకి సంచి తగిలించుకుని పారిస్, ప్రాగ్ అంటూ చవగ్గా తిరిగే స్టూడెంట్ల వీడియోలు తెల్లవార్లూ చూసేది. రైల్లోనే నిద్ర, రొట్టె ముక్కతో సరిపెట్టుకోవడం, పదిమంది పడుకునే గదిలో ఒక మంచం. మాకు పాస్‌పోర్టే లేదు, ఇంక పారిస్ ఎక్కడ. ఒకరోజు పడుకుని పడుకుని లేచి కూర్చుంది. "ఊరేదైతే ఏటే, తిరగడం వాళ్లలాగే తిరుగుదాం. మన కొండలు మనకి లేవేటి?" అంది.

ఇంట్లో కాలేజీ క్యాంపు అని చెప్పాం. నాలుగు రోజులు. గుమ్మలక్ష్మీపురం సంత చూశాం. సాలూరు బస్టాండులో సంచుల మీద తలపెట్టి కునుకు తీశాం. మూడో రోజుకి అరకు చేరాం. లాడ్జిలో దిగకూడదు, హోటల్లో తినకూడదు... ఇవీ ఝాన్సీ పెట్టిన రూల్స్. మా దగ్గర ఉన్నవల్లా సీనియర్‌ని బతిమాలి తెచ్చిన టెంటు, ఒక గిన్నె, నూడుల్స్ పాకెట్లు, రెండు దుప్పట్లు. మహారాణుల్లా తిరిగాం. నిజం చెప్పాలంటే నేను అంత సంతోషంగా ఎప్పుడూ లేను.

ఆ సాయంత్రం షేర్ జీపు మమ్మల్ని ఒక మలుపు దగ్గర దింపింది. కాలిబాటన దిగితే గెడ్డ వస్తుందనీ, గెడ్డ నీళ్లు దాటి పది నిమిషాలు ఎక్కితే పాతిక ఇళ్ల ఊరు ఉందనీ డ్రైవరు చెప్పాడు. చీకటి పడిపోతోంది కదా, ఒడ్డునే టెంటు వేసుకుని పొద్దున్న ఊళ్లోకి వెళ్దాం అనుకున్నాం. తీరా సంచులు విప్పితే గిన్నె లేదు. జీపులోనే వదిలేసింది మా మహాతల్లి. నేను తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పను.

అప్పుడు కనబడింది కుండ. బాట పక్కన, నరికిన కొమ్మల మీద. కొత్త కుండ. చుట్టూ బియ్యం గింజలు, ఒక అరిగిన చీపురు, చిరిగిన చేట. కుండ మెడకి పసుపు దారం.

"ఒద్దే, ఏదో పూజదిలాగుంది" అంది ఝాన్సీ.

"పూజయిపోయింది కదా. దేవుడికింక దీంతో ఏటి పని?" అన్నాను.

వినండి... ఆ కుండ తీసింది నేను. ఝాన్సీ కాదు. దారం తెంపింది నేను. గెడ్డలో తోమి తెచ్చింది నేను. ఆకలి, చలి, ఝాన్సీ మీద కోపం... ఏం ఆలోచించలేదు. ఇద్దరం అందులోనే నూడుల్స్ ఉడకబెట్టుకుని తిన్నాం. కాస్త మట్టివాసన వేసింది. బావుంది కూడా.

ఎంత రాత్రయిందో తెలీదు. ఏదో చప్పుడుకి మెలకువ వచ్చింది. టక టక టక టక... పళ్లు. ఝాన్సీ పళ్లు కొట్టుకుంటున్నాయి. ముట్టుకుంటే ఒళ్లు పెనంలా కాలిపోతోంది. పిలిస్తే పలకదు. కళ్లు తెరిచే ఉన్నాయి... నన్ను చూడ్డం లేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. మేము అక్కడున్నామని లోకంలో ఎవరికీ తెలీదు.

లేపి వీపు మీద వేసుకున్నాను. అది నాకంటే ఎత్తు, నాకంటే బరువు. రెండడుగులు వేసి ఇద్దరం కూలబడ్డాం. మళ్లీ వేసుకున్నాను. మళ్లీ పడ్డాం. ఇంక నా వల్ల కాలేదు. ఏడుస్తూనే దాన్ని టెంటులోకి లాగి, దుప్పట్లు రెండూ కప్పి, జిప్పు వేసి, ఫోన్ లైటు పట్టుకుని ఊళ్లోకి పరిగెత్తాను.

ఊళ్లో ఒక్క దీపం లేదు. కానీ ఎవరూ నిద్రపోలేదు. తలుపు సందుల్లోంచి పొయ్యి వెలుగు కనబడుతోంది. ఎక్కడో పసిపిల్ల దగ్గు... ఎవరో ఉష్ష్ అని ఊరుకోబెట్టడం... అన్నీ వినబడుతున్నాయి. మొదటి తలుపు కొట్టాను. "తలుపు తియ్యండి, మా ఫ్రెండు చచ్చిపోతోంది." లోపలి చప్పుళ్లు ఆగిపోయాయి. రెండో తలుపు. మూడోది. నాలుగోది. లోపలే ఉన్నారు, ఒక్కరూ పలకరు. వీళ్లు మనుషులేనా అనిపించింది. అంత కోపం వచ్చింది నాకు.

చివరింట్లోంచి ఒక ముసలావిడ గొంతు వచ్చింది. తలుపుకి అవతల, బాగా దగ్గరగా.

"తియ్యకూడదమ్మా. తెల్లారేదాక తియ్యకూడదు. ఊళ్లో పిల్లలకి జొరాలు. ఇయాళ సాయంత్రం ఆ జబ్బుని కుండలో పెట్టి పొలిమేర దాటించినాం. ఈ రేతిరి ఎవులు పిలిసినా పలకకూడదు. నాను పలికినదే తప్పు."

కుండ అనగానే తెలిసిపోయింది కదా. అయినా బతిమాలాను. "మామ్మా, నేను మనిషినే. విజయనగరం నుంచి వచ్చాను. మా ఫ్రెండు కింద గెడ్డ దగ్గర..."

"ఎరికే. ఇందాకే సెప్పినావు."

"ఇందాకేటి మామ్మా? నేను ఇప్పుడే కదా వచ్చాను."

ఆవిడ మెల్లగా అంది.

"ఇది మూడోపాలి, గుంటా. ఇదే గొంతు. ఇవే మాటలు."

అప్పుడు... ఊరి అటు చివర... ఎవరో తలుపు కొడుతున్నారు.

ఠప్... ఠప్... ఠప్...

నేను కొట్టినట్టే. మూడేసి దెబ్బలు. కొంచెం ఆగి...

"తలుపు తియ్యండి... మా ఫ్రెండు చచ్చిపోతోంది."

నా గొంతు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వింటే మన గొంతు మనకే ఎబ్బెట్టుగా ఉంటుంది చూడండి... అలా. చివర్లో ఏడుపు జీర కూడా నాదే.

అరుద్దామని నోరు తెరిచాను. తెరిచి... ఏమని అరవను? నేను మనిషినని చెప్పుకోవడానికి నా దగ్గర గొంతు తప్ప ఇంకేమీ లేదు. ఆ గొంతే అక్కడ ఇంకో తలుపు కొడుతోంది. తలుపు వెనక ఉన్నవాళ్లకి ఏది నేనో ఎలా తెలుస్తుంది? నాకంటే దిక్కులేనివాళ్లు ఇంకెవరూ ఉండరనిపించింది. నోరు మూసుకుని కిందికి పరిగెత్తాను. దారిలోనే ఫోన్ ఆరిపోయింది.

టెంటు జిప్పు వేసినట్టే ఉంది. తీసి లోపలికి దూరి, మళ్లీ వేసేశాను. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. తడిమాను. ఉంది. దుప్పట్ల కింద, అలాగే కాలిపోతూ. ఒళ్లోకి లాక్కుని కూర్చున్నాను.

ఎంతసేపో తెలీదు. బయట అడుగులు. ఎండుటాకుల మీద... ఒకటి... ఇంకొకటి... టెంటు పక్కన ఆగాయి.

"ఝాన్సీ... బేగి రాయే. తలుపు తీసారు."

మళ్లీ నా గొంతే. అంత దగ్గరగా.

నా చేతుల్లో ఉన్న ఒళ్లు కదిలింది. లేవబోయింది. "ఎల్లకే... నాను ఇక్కడే ఉన్నానే" అని చెవిలో చెప్పాను. భయంలో మా అమ్మమ్మ మాట వచ్చేసింది నోట్లోంచి. పెనుగులాడింది. రక్కింది. నడుం చుట్టూ చేతులు వేసి, కాళ్లు కూడా వేసి బిగించి పట్టుకున్నాను. బయట ఆ గొంతు ఏడుస్తోంది. "బేగి రా... ఇక్కడే ఉంటే చచ్చిపోతావే..." నేను లోపల ఏడుస్తున్నాను. ఎప్పటికో ఆ అడుగులు దూరమయ్యాయి. నేను మాత్రం వదల్లేదు.

మనుషుల మాటలకి కళ్లు తెరిచాను. తెల్లగా తెల్లారింది. జిప్పు వేసే ఉంది. నా చేతులు అలాగే చుట్టుకుని ఉన్నాయి. వాటి మధ్య... ఉత్త దుప్పట్లు.

బయటికి వచ్చి చూస్తే ఊళ్లోవాళ్లు డోలీ మోసుకుంటూ గెడ్డ దాటుతున్నారు. డోలీలో ఝాన్సీ. వెనకే వస్తున్న ముసలావిడ నన్ను చూసి ఆగింది. గొంతు గుర్తుపట్టాను. "తెల్లారి తలుపు తీసేతలికి నా అరుగు మీద పడుంది ఈ గుంట. రేతిరే తీసుంటే బాగుండేది" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అంతలో పొయ్యి రాళ్ల మీద ఉన్న కుండ చూసింది.

"కుండ ఎవులు తీసినారు?"

"నేనే మామ్మా."

ఆవిడ తిట్టలేదు. "తెలీక సేసినావు" అని తలమీద చెయ్యి వేసింది. తిట్టినా బావుండేది.

రోడ్డు దాకా డోలీ, అక్కణ్ణించి అంబులెన్సు. మలేరియా తలకెక్కిందన్నారు డాక్టరు. పది రోజుల కిందటే ఒంట్లో పడి ఉంటుందట. అంటే నేను కుండ ముట్టుకోకముందే. ఆ జ్వరంలో లేచి నడిచేస్తారట, లేనివి వింటారట. "మరి నాకు జ్వరం లేదు కదండీ" అన్నాను. మీది భయం అన్నారు. సరే, భయమే అనుకుందాం. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదు, పొద్దున్నే ఊరివాళ్ల కంటపడింది కాబట్టి బతికిందని కూడా ఆయనే అన్నారు.

ఝాన్సీ కళ్లు తెరిచి చెప్పిన మొదటి మాట నా గురించే. "ఉమ నన్ను మోసుకెళ్లిందమ్మా. టెంటు బయట నుంచి పిలిసింది. లేచి వెళ్లగానే వీపు మీద వేసుకుంది. కొండంతా ఎక్కింది... ఒక్కసారి కూడా దించలేదు." వాళ్లమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. నా కడుపున పుట్టాల్సిన దానివమ్మా అంది. ఇప్పటికీ వాళ్లింటికి వెళ్తే ముందు నాకే అన్నం పెడుతుంది. తలొంచుకుని తింటాను. మోసింది నేను కాదు పిన్నీ, అని ఎన్నిసార్లో నోటిదాకా వచ్చింది. ఆ మాట అంటే మిగతాది కూడా చెప్పాలి. మీ అమ్మాయిని ఆ గొంతు బతకడానికి రమ్మని పిలుస్తుంటే, వెళ్లనివ్వకుండా పట్టుకున్నది నేను అని చెప్పాలి. చెప్పలేదు. నా వల్ల కాదు.

ఇంకొకటి కూడా ఉంది. నేను ఊళ్లో తలుపులు కొడుతున్నప్పుడే ఝాన్సీ వెళ్లిపోయిందనుకుందాం. మరి నేను తిరిగొచ్చేసరికి టెంటులో ఉన్నదెవరు? దాని ఊపిరి నా మెడకి తగిలింది. అది రక్కిన గాట్లు నా మోచేతుల మీద వారం రోజులు మానలేదు... లోతుగా, నాలుగేసి గీతలు. ఝాన్సీకి చిన్నప్పటి నుంచీ గోళ్లు కొరుక్కునే అలవాటు. దానికి రక్కడానికి గోళ్లే ఉండవు.