మా తమ్ముడి ఫిట్టు సర్టిఫికెట్టు

మొన్నామధ్య మా మనవరాలు ఒక కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. ఆమె పనిచేసే విశ్వవిద్యాలయంలో, మనసుకు జబ్బు చేసి ఆసుపత్రిలో ఉండి వచ్చిన పిల్లలు మళ్ళీ చదువులో కుదురుకునేలా చూసే విభాగమొకటి ఉందట. అట్లా తిరిగి వచ్చేవాళ్ళు ఏమేం చేయాలో తెలుగులో రాసుకొచ్చి, అచ్చుకు పోకముందే తప్పులు దిద్దమని అడిగింది. పత్రికల్లో పని చేసినవాణ్ణి కాబట్టి ఎర్ర పెన్ను తీసుకుని దర్జాగానే కూర్చున్నాను గానీ, మూడో వాక్యంలో ‘ఫిట్‌నెస్ సర్టిఫికెట్ జతపరచవలెను’ అని కనబడేసరికి నవ్వు ఆపుకోలేక కాఫీ ఆ కాగితం మీదే ఒలకబోశాను. ఇందులో నవ్వేందుకేముందని మనవరాలు కోప్పడింది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతాను.

ఆంధ్రప్రదేశ్ అవతరించి ఇంకా ఎన్నో ఏళ్ళు కాని రోజులవి. నేను ప్రొద్దుటూరు నుంచి ఒక దినపత్రికకు వార్తలు పంపేవాణ్ణి. మా చిన్నాయనకు అదే ఊళ్ళో బట్టల అంగడి ఉండేది. ఆయన ఒక్కగానొక్క కొడుకు, అంటే మా తమ్ముడు, తిరుపతిలో పెద్ద చదువు చదువుతుండేవాడు. ఉన్నట్టుండి వాడికి నిద్ర పట్టడం మానేసింది, తర్వాత తిండి మానేశాడు, ఆ తర్వాత మాట మానేశాడు. ఒకనాడు హాస్టలు నుంచి రైలు స్టేషనుకు నడిచిపోయి, ఏ రైలూ ఎక్కకుండా రెండు రోజులు బల్ల మీదే కూర్చున్నాడు. తెలిసినవాళ్ళు ఎవరో గుర్తుపట్టి కబురు పంపితే, నేను, చిన్నాయన పోయి మద్రాసులో మానసిక వైద్యుల ఆసుపత్రిలో చేర్పించాము. మూడు నెలలున్నాడు.

ఆ జబ్బు పేరు ఇంట్లో కూడా పైకి అనగూడని కాలమని నా ఈడు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. అడిగినవాళ్ళకు ఏదో ఒకటి చెప్పాలి గదా. ఇరుగుపొరుగుకు చిన్నాయన టైఫాయిడ్ అని చెప్పాడు. ఆ సంగతి తెలియక మా పిన్నమ్మ జమ్మలమడుగులో ఉన్న తన అన్నకు పచ్చకామెర్లని జాబు రాయించింది. పులివెందులలో మా మేనత్త నిలదీసి అడిగితే, ఆ ఇద్దరూ ఏం చెప్పారో తెలియని నేను కడుపు కోసి ఆపరేషన్ చేశారన్నాను. ఒక మనిషికి ఒకే నెలలో మూడు జబ్బులు పంచిపెట్టి, ఎవరికీ అనుమానం రాలేదు కదా అని ముగ్గురమూ ఎవరికి వాళ్ళం లోలోపల మమ్మల్ని మేమే మెచ్చుకున్నాము.

మూడు నెలలకు డాక్టరు కబురు పెట్టి నన్ను మద్రాసు పిలిపించాడు. పెద్దాయన, తమిళుడు, తొందర లేని మనిషి. కుర్రవాడు బాగున్నాడనీ, మందు కన్నా ఇప్పుడు వాడికి తన తరగతి, తన తోటివాళ్ళు ముఖ్యమనీ చెప్పాడు. కాలేజీ వాళ్ళు ఇచ్చిన గడువు ఇంకా వారం రోజులుంది. ఆలోగా చేరకపోతే ఏడాది పోతుంది, ఏడాది పోతే వీడు మళ్ళీ ఆ గడప తొక్కడం అనుమానమే అని హెచ్చరించి, చదువుకోవడానికి తగినట్టు ఉన్నాడని, అంటే ‘ఫిట్’ అని, సర్టిఫికెట్టు రాసిచ్చాడు.

ఆ సంతోషంలో నేను తపాలాఫీసుకు పోయి ఇంటికి తంతి, అంటే టెలిగ్రాము, కొట్టాను. మా ఎడిటరు మాకు నేర్పిన మొదటి పాఠం, తంతిలో ఒక్క మాట కూడా ఎక్కువ వాడకూడదని. ఆ విద్యలో నాకు జిల్లాలో సాటి లేదని పేరు. కాబట్టి వాడు పూర్తిగా కోలుకున్నాడు, ఈరోజే బయలుదేరుతున్నాము అన్న విషయాన్ని మూడే మాటల్లో కుదించి, నా తెలివికి నేనే మురిసిపోయాను. ‘ఫిట్ స్టార్టింగ్ టుడే.’

ఆ కాగితం ప్రొద్దుటూరు చేరినప్పుడు ఇంటినిండా జనమే. డాక్టరు నన్ను పిలిపించాడంటే మావాడు నేడో రేపో వస్తాడని జమ్మలమడుగు మామ, పులివెందుల అత్త ముందే వచ్చి కూర్చున్నారు. మామ పచ్చకామెర్లకు పసరు తెచ్చాడు. కోసిన కడుపు గట్టిపడాలని అత్త ఉడుము పట్టు లాంటి నడికట్టు ఒకటి కుట్టించి తెచ్చింది. నీది తప్పంటే నీది తప్పని వాళ్ళిద్దరూ వాదులాడుకుంటుంటే, టైఫాయిడ్ అని విన్న పక్కింటాయన వచ్చి ఇద్దరినీ తప్పుబట్టాడట. సరిగ్గా అప్పుడు తంతి వచ్చింది. ఇంగ్లీషు చదవగలిగిన ఒక రిటైరు గుమాస్తా కళ్ళద్దాలు సర్దుకుని, ‘ఫిట్సు ఈరోజే మొదలైనాయి’ అని అర్థం చెప్పాడు. అంతే, అన్ని జబ్బులూ పోయి అందరికీ ఒకే జబ్బు మిగిలింది.

మర్నాడు పొద్దున ఎర్రగుంట్లలో రైలు దిగి, బస్సెక్కి, ప్రొద్దుటూరు చేరాము. దారి పొడుగునా తమ్ముడు నలుగురిలోకి ఎట్లా పోవాలోనని బెంగపడుతూ వచ్చాడు. ఎవరూ ఏమీ అడగరని నేను ధైర్యం చెబుతూ వచ్చాను. బస్టాండులో ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్నారు. వాడు బస్సు దిగి, రాత్రంతా ముడుచుకుని కూర్చున్న ఒళ్ళు విరుచుకోవడానికి రెండు చేతులూ పైకెత్తాడు.

“వచ్చె, వచ్చె! పట్టుకోండప్పా!” అని మామ గావుకేక పెట్టాడు.

ఫిట్సు వచ్చినవాడి చేతిలో ఇనుము పెట్టాలి గదా. మామ అంగడి తాళాల గుత్తి వాడి కుడి చేతిలో కుక్కాడు. తాళాలు బాగుచేసే సాయిబు ఒకాయన, పాపం ఎవరో ఏమిటో తెలియకపోయినా, పరిగెత్తుకొచ్చి తన దగ్గరున్న వందలాది తాళంచెవుల వలయాన్ని ఎడమ చేతికి తగిలించాడు. చేతులు ఖాళీ లేకపోయేసరికి మా అత్త, వంటింట్లో నుంచి పట్టుకొచ్చిన అట్లకాడను వాడి చంకలో దోపింది. పిన్నమ్మ ఏడుపు. బస్సు డ్రైవరు హారను.

తమ్ముడు కుడి చేతిని చూసుకున్నాడు, ఎడమ చేతిని చూసుకున్నాడు, నా వైపు తిరిగాడు.

“ఏందన్నా, ఊళ్ళో అంగళ్ళన్నీ నాకే అప్పజెప్తాండారా?”

అని నవ్వాడు. మూడు నెలల తర్వాత వాడి నవ్వు వినడం నాకదే మొదటిసారి. ఆ నవ్వు చూసి జనం ఇంకా భయపడి మరింత గట్టిగా పట్టుకున్నారు, అది వేరే సంగతి.

ఇంటికి పోయినాక తంతి సంగతి నేను ఒప్పుకున్నాను. అయినా అత్త వదలలేదు.

“ఫిట్సు లేకపోతే లేకపాయె. కడుపు కోసినారంటివే, కుట్లు యాడుండాయి?”

ఈసారి తమ్ముడే అందుకున్నాడు. “కుట్లూ లేవు, కామెర్లూ లేవత్తా. నాకు మనసు బాగలేకుంటే మద్రాసులో ఆసుపత్రిలో ఉంటి. ఇప్పుడు బాగుండాను.”

చిన్నాయన తల దించుకున్నాడు. అత్త వాణ్ణి ఎగాదిగా చూసింది.

“ఆ మాటేదో ముందే చెప్పింటే, నడిబజార్లో అట్లకాడ పట్టుకొని ఉరికేదాన్నా?”

దాంతో దాచుకునే బరువు దిగింది గానీ అసలు చిక్కు అప్పుడే మొదలైంది. చదువు వల్లనే ఇదంతా వచ్చిందనీ, ఇక కాలేజీ ఊసే వద్దనీ, తన కళ్ళెదుట అంగట్లో కూర్చుంటే చాలనీ చిన్నాయన తేల్చేశాడు. నాలుగు రోజులు అట్లాగే గడిచాయి. తమ్ముడు ఎదురు చెప్పలేదు, అంగట్లో బట్టల బేళ్ళ పక్కన కూర్చుని మళ్ళీ మాట తగ్గించడం మొదలుపెట్టాడు. డాక్టరు ఏం చెప్పాడో తెలిసిన నాకు కాలు నిలవలేదు. చివరికి అత్తే పూనుకుంది.

“అంగట్లో కూసుంటే బాగైతాదా? ముప్పై ఏండ్లుగా నువ్వు కూసోనే ఉండావు, నీకేం బాగైందిరా?”

అక్కగారి మాటకు చిన్నాయన సరే పొమ్మన్నాడు. అయితే ఆ ‘ఫిట్’ అన్న మాటున్న కాగితం కాలేజీకి ఇస్తే, బస్టాండులో అయినట్టే అక్కడా అవుతుందని ఆయనకు ఒకటే బాధ. ఆ మాటకు అర్థం మంచిదేనని నేను నిఘంటువు తెరిచి చూపిస్తే తల ఊపాడు. బయలుదేరేటప్పుడు కవరు తానే అంటించి, దేవుడి పటం ముందు పెట్టి మరీ ఇచ్చాడు.

తిరుపతిలో ప్రిన్సిపాలు కోస్తా వైపు పెద్దమనిషి. గడువుకు అదే చివరి రోజు. ఆయన కవరు చించి చదివి, మళ్ళీ చదివి, కళ్ళజోడు తీశాడు.

“ఇదేంటయ్యా, చదువుకి పనికిరాడని డాక్టరు రాసిన కాగితం పట్టుకొచ్చి చేర్చుకోమంటారా?”

తొంగి చూస్తే, డాక్టరుగారి నల్ల సిరా అక్షరాల నడుమ, ‘ఫిట్’కు ముందు, బేళ్ళ మీద పేర్లు రాసే ఊదారంగు పెన్సిలుతో లావుగా ‘నాట్’ అని ఉంది. ఫిట్సు లేవని చిన్నాయన తన చేతులారా ధ్రువీకరించాడు! నేను ఏదో ఒకటి అల్లి చెప్పాలని నోరు తెరిచాను, టైఫాయిడ్ అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

“సార్, ఆ ఊదా అక్షరాలు మా నాయనవి,” అన్నాడు తమ్ముడు. “ఆయనకు ఇంగ్లీషులో రాసేకి వచ్చే మాటలు శానా తక్కువ. మా అంగట్లో బొమ్మకు కట్టిన చీర మీద ‘నాట్ ఫర్ సేల్’ అని ఉంటాది, ఆడ నేర్చుకున్యాడు.” ఆ తర్వాత నిద్రపట్టని రాత్రుల నుంచి బస్టాండు దాకా ఒక్కటీ దాచకుండా, చేతులు వెనక్కు కట్టుకుని చెప్పాడు. ప్రిన్సిపాలు మొదట్లో గంభీరంగా విన్నాడు, తాళాల సాయిబు సంగతి వచ్చేసరికి నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. చివరకు ఆ ‘నాట్’ను ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, తరగతికి పొమ్మన్నాడు.

“మీ నాన్నగారికి ఇంగ్లీషులో ‘ఎస్’ అన్న మాట కూడా నేర్పించవయ్యా,” అన్నాడు.

ఆ మధ్యాహ్నం అతిథిగా నేను కూడా హాస్టల్లోనే భోంచేశాను. నిజమైన పరీక్ష ప్రిన్సిపాలు గదిలో కాదు, ఇక్కడేనని మా ఇద్దరికీ తెలుసు. పొడుగాటి బెంచీల మీద పిల్లలు ఒకరినొకరు రాసుకుని కూర్చుని ఉన్నారు. తమ్ముడు కంచం పట్టుకుని నిలబడ్డాడు. ఒక బెంచీ చివరి కుర్రాడు కొంచెం జరిగాడు, అతను జరిగితే పక్కవాడు జరిగాడు, అట్లా బెంచీ అంతా కదిలి ఒక మనిషికి చోటు ఏర్పడింది.

“యాడికి పోయింటివిరా ఇన్నాళ్ళు?”

“మద్రాసు. మనసు బాగలేకుంటే ఆసుపత్రిలో ఉంటి.”

“ఇప్పుడు బాగుండావా?”

“బాగుండాను.”

“అయితే ఆ సాంబారు బకెట్టు ఇట్లా జరుపు. నాలుగు పక్కలా అడుగుతాండారు.”

మా తమ్ముడు చదువు ముగించి, ఉద్యోగం చేసి, పిల్లాపాపలతో నిండుగా బతికి ఈమధ్యనే వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ జబ్బులకు పేర్లున్నాయి, పేరు చెబితే వినేవాళ్ళున్నారు, వినడమే ఉద్యోగంగా చేసే మా మనవరాలి లాంటివాళ్ళున్నారు. ఒక మనిషికి మూడు అబద్ధాలు తగిలించాల్సిన అగత్యం లేదు. అదంతా మేలేనని మనస్ఫూర్తిగా అంటాను. కిందటి నెల ఆమె నన్ను తన విశ్వవిద్యాలయం చూపించడానికి తీసుకుపోయింది. భోజనశాల అద్దంలా ఉంది. ఎవరి కుర్చీ వారిది, ఎవరి పళ్ళెం వారిది, సగం మంది పొట్లాలు కట్టించుకుని గదులకు పోతున్నారు. శుభ్రంగా, సౌకర్యంగా ఉంది. కొత్తగా వచ్చినవాడి కోసం ఎవరూ జరగనక్కరలేదు.