మా సత్యవతత్త హిస్టరీ పేపర్

నిన్న పొద్దున్న అత్త కొడుకు, మా బావ ఫోన్ చేసి, "అమ్మ పడిపోయింది, బయల్దేరు" అన్నాడు.

రాజమండ్రిలో బస్సెక్కాను. రామచంద్రపురం రాకముందే మళ్ళీ ఫోన్.

"మెల్లగా రా. ఇంక తొందరేం లేదు."

బస్సు వెళ్తూనే ఉంది. నాకు మాత్రం ఏమీ అర్థం కాలేదు.

హార్ట్ అన్నారు డాక్టరు గారు. మొన్న సాయంత్రం నాతో ఫోన్లో నవ్వుతూ పాఠం చెప్పిన మనిషి. ఎలా నమ్మాలి?

తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. సత్యవతత్త మా నాన్న చెల్లెలు. మాది చేపల మీద బతికే కుటుంబం. అత్త మాత్రం గంప ఎత్తనని మొండికేసి, ద్రాక్షారామం దగ్గర ఒక అంగన్‌వాడీలో ఆయాగా చేరింది. పిల్లలకి అన్నం పెట్టడం, ముక్కులు తుడవడం, కథలు చెప్పి పడుకోబెట్టడం.

అక్కడే టీచర్ అవ్వాలని అత్త కోరిక. ఇంటర్ పాసైతే అప్లై చేసుకోవచ్చన్నారు. ఓపెన్‌లో కట్టింది. అన్నీ పాసైంది, హిస్టరీ తప్ప. ఈసారి కూడా పోతే వయసు దాటిపోతుంది. ఇక ఆ పోస్టు మీద ఆశ వదులుకోవడమే.

పరీక్ష వచ్చే వారం.

హాల్ టికెట్‌కి నాలుగు మూలలా పసుపు రాసి దేవుడి గూట్లో పెట్టుకుంది. నిన్న మైల అని గూటికి గుడ్డ కప్పేశారు. హాల్ టికెట్ లోపలే ఉండిపోయింది.

అసలు అత్తకి హిస్టరీ రాదనుకోకండి. అంతా వచ్చు. ఎదురుగా ఎవరైనా ఊ కొట్టాలి, అంతే.

మన ఇళ్ళల్లో కథ చెప్తుంటే వినేవాళ్ళు ఊ కొడతాం కదా. ఊ ఆగితే కథా ఆగుతుంది. అత్త పాఠాలు కూడా అలాగే చదివింది. నేను బి.ఎడ్. సోషల్ కాబట్టి ఆ డ్యూటీ నాకు పడింది. అత్త చారుకి పోపు వేస్తూ విజయనగరం చెప్పేది. నేను గుమ్మంలో కూర్చుని ఊ కొట్టేదాన్ని. ఒక్కటి మిస్సయితే చాలు, గరిటె ఆగిపోయేది.

"ఏంటే, నిద్రపోతున్నావా? రాయలవారు గుర్రం మీద అలా ఆగిపోయారక్కడ. ఊ అను."

ఊ అనేదాన్ని. రాయలవారు కదిలేవారు.

మొదటిసారి పరీక్ష రాసి వచ్చినప్పుడు గేటు దగ్గర నేనే ఉన్నాను. మొహం పాలిపోయి ఉంది.

"అన్నీ వచ్చినవేనే. మొదలుపెట్టాను. ఎవరూ ఊ అనలేదు."

ముందు బెంచీ అబ్బాయికి మెల్లగా చెప్పబోతే ఇన్విజిలేటర్ వచ్చి, "మాట్లాడకూడదండీ, పేపర్ తీసేసుకుంటాను" అన్నారట. నేను పగలబడి నవ్వాను. అత్త నవ్వలేదు.

రెండోసారీ అంతే.

ఈసారి నేను పంతం పట్టాను. ప్రతి ఆదివారం ఎదురుగా కూర్చుని, "రాయి" అని నోరు బిగించేసేదాన్ని. రెండు లైన్లు రాసి తలెత్తి నా మొహంలోకి చూసేది. నేను ఫ్యాన్ కేసి చూసేదాన్ని. ఒకసారి పెన్ను విసిరికొట్టి, "నువ్వు టీచరైతే పిల్లలు గోడ దూకి పారిపోతారే" అని తిట్టింది కూడా.

పోయిన ఆదివారం మాత్రం తలెత్తలేదు.

పేజీ నిండింది. తిప్పింది. ఇంకో పేజీ నిండింది. వంగి చూస్తే పెదాలు కొద్దికొద్దిగా కదులుతున్నాయి.

"నాకు నేనే ఊ కొట్టుకుంటున్నానే, లోపల" అంది.

ఎంత సంబరపడిందో! అప్పటికప్పుడు రొయ్యలు వేయించి పెట్టింది. ఇంక పాసైపోయినట్టేనని ఇద్దరం గట్టిగా నమ్మేశాం. నాకిప్పుడు ఆ నమ్మకమే పదేపదే గుర్తొస్తోంది. ఊ కోసం తలెత్తి చూసే పాత అత్తగానే పోయుంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

మొన్న సాయంత్రం ఫోన్ చేసింది. "నాకు నేను కొట్టుకోగలనులే. ఈ ఒక్క పాఠానికి నువ్వు కొట్టు, సరదాగా ఉంటుంది" అంది.

సింధు నాగరికత. ఆ ఊళ్ళు ఎందుకు పాడైపోయాయో, ఆ కారణాలు.

"వరదలొచ్చాయంటారే."

ఊ.

"నది దారి మార్చుకుందంటారు."

ఊ.

"కొందరేమో వానలే పడలేదంటారు. వీధులు, కాలవలు, స్నానాల గదులు, అన్నీ అంత చక్కగా కట్టుకున్నవాళ్ళు అలా ఎలా పోయారంటావే?"

ఊ.

"ఉండు, బయట ఎవరో పిలుస్తున్నారు. మిగతాది రేపు చెప్తాను. ఎక్కడ ఆపానో గుర్తుపెట్టుకో."

నిన్న నేను వెళ్ళేసరికి వాకిట్లో పడుకోబెట్టారు. అందరూ ఏడుస్తున్నారు. నేను చెవి దగ్గర కూర్చుని మెల్లగా ఊ అన్నాను. కాసేపు చూసి మళ్ళీ అన్నాను.

పిన్ని వచ్చి నన్ను పక్కకి లాగేసింది.

మంచివాళ్ళని దేవుడు త్వరగా తీసుకెళ్తాడని దయచేసి కామెంట్స్‌లో రాయకండి. నాకు ఇందులో ఏ మంచీ కనబడట్లేదు. పరీక్ష రోజు అత్త హాల్ టికెట్ నంబర్ ఎదురుగా ఆబ్సెంట్ వేస్తారు. ఎందుకు రాలేదని ఎవరూ అడగరు. అంగన్‌వాడీకి ఇంకో ఆయా వస్తుంది. అత్త అంత కష్టపడి నేర్చుకున్నది ఇంక ఎవరికీ, దేనికీ పనికిరాదు.

ఎక్కడ ఆపావో నాకు గుర్తుంది అత్తా.

ఇంక చదవక్కర్లేదు, హాయిగా పడుకో. నువ్వు వెళ్ళినచోట అంతా ప్రశాంతంగా ఉండాలి.

మరీ నిశ్శబ్దంగా మాత్రం ఉండకూడదు. నువ్వు చెప్తుంటే ఊ అనడానికి ఒక్కరైనా ఉండాలి.