ఢిల్లీ విమానానికి పోసిన నూనె

పొయ్యి రాజేసేముందు మంచినీళ్ళ కుండ, ఒక చెంబు వీధరుగు మీద పెట్టడం శేషమ్మకు రోజూ అలవాటు. మాచర్ల స్టేషన్‌కు పోయేవాళ్ళెవరైనా గుక్కెడు తాగి కదలవలసిందే. మొగుడు పోయినప్పటినుంచీ ఆమెకు దిక్కు తమ్ముడు ప్రభాకరరావు ఒక్కడే. వాడిని పెంచి చదివించింది కూడా ఆమే.

ఇంటివాళ్ళు దూరం పోతే, చేరినట్టు కబురు వచ్చేదాకా కోటప్పకొండ స్వామి పటం ముందు దీపం కొండెక్కకూడదు. అది ఆ ఇంటి ఆచారం.

స్వరాజ్యం వచ్చిన రెండో ఏడు, మద్రాసులో గుమాస్తాగా ఉన్న ప్రభాకరరావును కంపెనీవాళ్ళు విమానంలో ఢిల్లీ పంపుతామన్నారు. చెప్పిపోదామని వచ్చాడు.

"రెండు రాత్రుళ్ళకు నూనె చూసుకోవాల గదరా," అంది శేషమ్మ.

"అది రైలుకైతే అక్కా. గీత గీసినట్టు పోతే పదకొండు వందల మైళ్ళు. మధ్యలో నాగపూరులో దిగి లేస్తది. పొద్దున ఎక్కితే పొద్దుగూకేసరికి ఢిల్లీ. దిగంగానే తంతి ఇస్తా."

వాడి మాట నమ్మి, అనుకున్న రోజున ఒక్క పగటికి సరిపడా నూనె పోసి వెలిగించింది. అసలే నూనెకు కటకటగా ఉన్న కాలం.

పొద్దుగూకింది. తంతి రాలేదు. తెల్లారింది. రాలేదు. ఇంట్లో ఉన్న కాస్త నూనె కూడా రాత్రంతా పోస్తే అయిపోయి, ప్రమిదలో వత్తి తడి మాత్రమే మిగిలింది. రైలైతే ఈపాటికి ఫలానా ఊరు దాటి ఉంటాడని అనుకోవచ్చు. ఆకాశంలో ఏ ఊరని అనుకోను? కూర్చోలేదు, నిలవలేదు. గడప దాకా పోయేది, దీపం దగ్గరికి వచ్చేది.

పక్కింటి గానుగ కరీముల్లా గిన్నెడు నూనె తెచ్చాడు. వెనకే అతని భార్య పీరాంబి.

"అడగొచ్చు గద పిన్నీ. మీ స్వామికి మా గానుగ నూనె కొత్తా ఏంది?"

"నిన్న పొద్దుగూకేసరికే చేరతానన్నాడురా వాడు."

"గాలికి టైమేంది పిన్నీ? నువ్వు పోస్టాఫీసుకు పోయిరా. దీపం పీరాంబి చూసుకుంటది."

శేషమ్మ వెళ్ళింది. ఉత్త చేతులతో తిరిగొచ్చింది. పీరాంబి అన్నం కూడా తినకుండా, కొంగు గాలికి అడ్డం పట్టుకుని అక్కడే కూర్చుని ఉంది. శేషమ్మ మళ్ళీ వెళ్ళింది. మూడోసారి వెళ్ళినప్పుడు పోస్టుమాస్టరే ఎదురొచ్చి తంతి చదివి చెప్పాడు. వానకు విమానం నాగపూరులో ఆగిపోయిందట. ఇప్పుడే ఢిల్లీలో దిగాడట.

ఇంటికొచ్చి గోడకు చేరగిలబడింది. పీరాంబి మంచినీళ్ళు ఇస్తే తాగింది. కాసేపటికి కరీముల్లాను దగ్గరికి పిలిచింది.

"నాయనా, మావాడికి ఒక కార్డు రాసిపెట్టు."

"ఏమని?"

"వచ్చేటప్పుడు రైల్లో రమ్మను. నేను బెదిరానని మాత్రం రాయబాక, చిన్నబోతాడు. నీ అంతట నువ్వే రాసినట్టు రాయి."