నలుగురు ఆడపిల్లలతో బెల్లంపల్లి శిబిరానికి

డెబ్బైల మొదట్లో ఒక డిసెంబరులో నలుగురు ఆడపిల్లలను వెంటబెట్టుకొని గోదావరిఖని నుంచి బెల్లంపల్లి వెళ్లి వచ్చాను. దూరం చూస్తే ఏమీ లేదు, రైల్లో రెండు గంటల దారి. ఆ నాలుగు రోజుల్లో నా పిల్లలను ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నానో మాత్రం నాకే తెలియదు.

హైస్కూలు పిల్లలకు యువ నాయకత్వ శిబిరం పెడుతున్నామని, అక్కడే ఉండి నేర్చుకోవాలని బడులకు ఉత్తరాలు వచ్చాయి. మగపిల్లల బడిలో పేర్లు ఎక్కువై చీటీలు వేశారట. నేను పనిచేసే ఆడపిల్లల బడిలో ఒక్క పేరూ రాలేదు. మూడు రాత్రులు ఆడపిల్ల బయట పడుకోవడమా అని తల్లులు బుగ్గలు నొక్కుకున్నారు. క్వార్టర్ల వెంట చెప్పులరిగేలా తిరిగి నలుగురిని ఒప్పించాను. అందరికంటే ఆఖరున ఒప్పుకున్నది ముంతాజ్ తల్లి ఖాజాబీ.

"మా ఆయనకు ఇష్టం లేదు టీచర్‌గారూ. నేనే జిద్దు చేసి పంపిస్తున్న. పిల్లకు జరంత ఏమన్నయితే ఇగ ఈ గల్లీల ఏ ఆడపిల్ల గడప దాటది, చెప్తున్న" అంది.

ఆమె బెదిరించలేదు, ఉన్నమాట చెప్పింది. అందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శుక్రవారం ఉదయం ఏడింటికి బస్సెక్కి రామగుండం స్టేషన్‌లో దిగాం. ఎనిమిదింటి ప్యాసింజరు తొమ్మిదికి వచ్చింది. నాలాగా ముందుగా వెళ్లి చలిలో వణికేకంటే ఇంట్లో ఇంకో చాయ్ తాగి బయలుదేరడం మేలు. పెట్టెలో కిటికీ పక్కన కూర్చోవద్దని చెప్పినా పిల్లలు వినలేదు. పెద్దంపేట దాటేసరికి నలుగురి ముఖాలూ ఇంజను పొగతో మసిబారాయి. గోదావరి వంతెన మీద అందరూ పైసలు విసిరి దండం పెట్టుకుంటుంటే ముంతాజ్ కూడా ఒక పైసా విసిరింది.

మా ఎదురుగా బెల్లంపల్లి పోతున్న ముసలాయన ఒకాయన కూర్చున్నాడు. బాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడట. బొగ్గుగనిని మా వైపు బాయి అనే అంటారు. ఎక్కడికని అడిగితే చెప్పాను.

"లీడర్ల ట్రైనింగా బిడ్డా? మా యూనియన్ లీడర్లు ఏ ట్రైనింగ్ లేకనే గింత జోరు మీదుండిరి. ట్రైనింగ్ గూడ ఇస్తె ఇంకేమన్న ఉన్నదా!" అని ఆయన నవ్వితే పెట్టంతా నవ్వింది.

పదకొండింటికి బెల్లంపల్లిలో దిగాం. బస ఒక బడిలో. ఆడపిల్లలకు రెండు గదులు, జంపఖానాలు, తలా ఒక దుప్పటి. బొగ్గు ఊరు కనుక వేడినీళ్లకు కొరత లేదు, తెల్లవారక ముందే పెద్ద గంగాళం పొయ్యి మీదికి ఎక్కేది. భోజనం అన్నం, పప్పు, వంకాయ కూర. మూడు రోజులూ వంకాయే. తరగతులు మాత్రం గంటలు కొట్టినట్టు నడిచాయి. నాయకుడు ఎలా నిలబడాలి, గొంతు ఎలా పెంచాలి, పదిమందిలో బెరుకు లేకుండా ఎలా మాట్లాడాలి అని శిబిరం పెద్దసారు చెప్పడం, మగపిల్లలు లేచి ఉపన్యాసాలు దంచడం. మా నలుగురు నేలచూపులు చూస్తూ కూర్చున్నారు. తొమ్మిదో తరగతి రాజేశ్వరిని ఒకసారి లేపితే పేరు చెప్పి కూర్చుంది. అంత తిరిగి తెచ్చింది ఇందుకా అని నాకు ఉడుకుమోత్తనం వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం ఊరి బయటి గుట్ట ఎక్కడానికి తీసుకుపోయారు. ఉన్న ఒక్క వ్యాను రెండు ట్రిప్పులు వేసింది. పిల్లలను జట్లుగా చేసి, జట్టుకొక నాయకుడని చీటీలు తీశారు. మా జట్టుకు, పాతికమంది ఆడా మగా పిల్లలకు, రాజేశ్వరి పేరు వచ్చింది. మగపిల్లలు కిసుక్కున నవ్వారు.

ఆ పిల్ల నోట్‌బుక్ అట్ట చింపి ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్క మీద ఒక్కొక్కరి పేరు రాయించి, అన్నీ తన సంచిలో వేసుకుంది. గుట్ట దిగినవాళ్లు తన దగ్గరికి వచ్చి ఎవరి ముక్క వాళ్లు తీసుకోవాలంది. నాకు అర్థమైంది. వాళ్ల నాన్న పోశానికి బాయి మీద ల్యాంపు రూములో డ్యూటీ. బాయి దిగే ప్రతి మనిషీ తన నంబరు బిళ్ల అక్కడ ఇచ్చి దీపం తీసుకుంటాడు, పైకి వచ్చి దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు దిగాక బిళ్ల మిగిలిందంటే మనిషి ఇంకా లోపల ఉన్నట్టు. అట్టముక్కలు చూసి పెద్దసారు ముసిముసిగా నవ్వి ఊరుకున్నాడు.

నాలుగింటికి దిగడం మొదలైంది. మొదటి ట్రిప్పు పోయింది. నా నలుగురిలో ముంతాజ్ కనిపించకపోతే కలవరపడ్డాను. మీ పిల్ల ఒకతి మొదటి ట్రిప్పులో ఎక్కిందని ఎవరో మాస్టరు చెప్పగానే మనసు కుదుటపడింది. వ్యాను మళ్లీ వచ్చింది. అందరూ ఎక్కారు. రాజేశ్వరి ఎక్కలేదు. చేతిలో ఒక అట్టముక్క ఉంది. ముంతాజ్‌ది.

"మరిచిపోయి ముందే వెళ్లిపోయిందమ్మా, ఎక్కు" అన్నాను.

"మరిచిపోయిందని మనం అనుకుంటున్నం టీచర్. బిళ్ల మన తాననే ఉన్నది."

"ఇది బాయి కాదు తల్లీ, గుట్ట" అన్నాడు పెద్దసారు. అందరూ నవ్వారు.

రాజేశ్వరి నవ్వలేదు, గొంతూ పెంచలేదు. "మీరు పోండ్రి సార్. బిళ్ల ఉంటె మనిషి ఉన్నట్టే. నేనొస్తె ఆమె ఒక్కతైతది."

అందరి ముందూ నా పిల్ల మొండికేసిందని నాకు ఒళ్లు మండింది. ఎక్కమని గద్దించాను కూడా. ఈ మాట రాయకుండా దాచుకోవచ్చు, కానీ నా తర్వాత పిల్లలను తీసుకుపోయే టీచర్లకు ఇదే ముఖ్యం. నేను గద్దించినా ఆ పిల్ల గుట్ట వైపే నడిచింది. గత్యంతరం లేక నేనూ ఒక మాస్టరూ వెంట వెళ్లాం.

పొద్దు వాలుతోంది. పేరు పెట్టి పిలుస్తూ సగం గుట్ట ఎక్కాం. ఖాజాబీకి ఏం చెప్పాలో మాటలు వెతుక్కుంటున్నాను. రాజేశ్వరి ఒక పెద్ద బండ వెనక్కి తొంగిచూసి "టీచర్" అంది. ముంతాజ్ అక్కడ కూర్చుని ఉంది. చెప్పు తెగి, కాలు మెలికపడి, మడమ దగ్గర వాచింది. ప్రాణం మాత్రం గట్టిగా ఉంది. నేను ఆ బండకే చేరగిలబడి ఏడ్చేశాను. ముంతాజే నన్ను ఓదార్చింది.

"అరవలేదేమే?" అన్నాను.

"గంతమంది మగపిల్లలు పోతుంటె ఎట్ల అరుస్త టీచర్? సిగ్గయింది."

గొంతు పెంచడం మీద రెండు రోజులు పాఠం విన్న పిల్ల! నవ్వాలో మొత్తుకోవాలో తెలియలేదు. మాస్టరు, రాజేశ్వరి చెరో రెక్కా పట్టుకుంటే మెల్లగా దిగింది. కింద రాజేశ్వరి అట్టముక్క ఆమె చేతిలో పెట్టి, అప్పుడు వ్యాను ఎక్కింది. మర్నాడు బహుమతి మాత్రం బాగా ఉపన్యసించిన మగపిల్లవాడికే ఇచ్చారు. నాకేమీ అనిపించలేదు. నా నలుగురూ నా కళ్ల ముందు ఇడ్లీ తింటున్నారు, అది చాలు.

సోమవారం పదకొండింటి రైలు పట్టుకున్నాం. జనం కిక్కిరిసి ఉన్నారు. ముంతాజ్ కాలి కట్టు చూసి ఒక తల్లి జరిగి చోటిచ్చింది. మందమర్రి దాటాక పిల్లలు అంత్యాక్షరి మొదలుపెట్టారు. నన్నూ పాడమన్నారు, పాడాను. పోయేటప్పుడు చూడని పొలాలూ కొలిమి పొగలూ వచ్చేటప్పుడు తీరిగ్గా చూశాను.

మూడింటికి గోదావరిఖని బస్టాండులో ఖాజాబీ నిలబడి ఉంది. కూతురు కుంటుతూ దిగడం చూసి ముఖం పాలిపోయింది. మిగతాది దాచే వీలుంది, జారిపడిందంటే సరిపోతుంది. దాచలేకపోయాను. వ్యాను ఎక్కమన్నది నేనేనని, రాజేశ్వరి వినలేదని, మొత్తం చెప్పాను. ఆమె వంగి కూతురి కాలు పట్టి చూసింది. ఇక ఏ ఆడపిల్లా గడప దాటదన్న ఆమె మాటే నా చెవుల్లో తిరుగుతోంది.

"ఆ పిల్ల ఏది?" అంది చివరికి.

చూపించాను. ఖాజాబీ వెళ్లి రాజేశ్వరి తల చుట్టూ చేతులు తిప్పి, తన కణతలకు ఆనించుకొని మెటికలు విరిచింది. తర్వాత నా వైపు తిరిగింది.

"మా చిన్నది ఎనిమిదిల ఉన్నది టీచర్‌గారూ. వచ్చే ఏడు దాన్ని గూడ రాసుకోండ్రి. ఈ పిల్ల పోతెనే పంపుత."

సరేనని తల ఊపాను. నా ముఖం చూసి జాలి వేసిందో ఏమో, ముంతాజ్‌ను నడిపించుకుంటూ పోతూ వెనక్కి తిరిగి అంది.

"మీరు గూడ పోండ్రి. పెద్దమనిషి ఒకరుండాలె గద."