టేపు కింద నూనె

సహోదరులారా, సహోదరీలారా, ముందుగా మీరందరూ ఒక్కసారి మీ కాళ్ళ కిందికి చూడండి. కుర్చీల మధ్య పసుపు గీతలు కనబడుతున్నాయి కదా, అవి వాలీబాల్ కోర్టు గీతలు. ఈ స్కూల్ జిమ్‌ని మనం ఆదివారం మధ్యాహ్నం అద్దెకు తీసుకుని ఆరాధన చేసుకుంటున్నాం కాబట్టి మీకెవరికీ ఆ గీతలు పట్టవు. కానీ పోయిన చలికాలమంతా ఈ గీతల మీద కూర్చుని పాట పాడటం నా వల్ల కాలేదు, అందుకే మీకు కనబడకుండా పోయాను. "కరుణ రావట్లేదేంటి, షిఫ్టులు ఎక్కువ పడుతున్నాయా?" అని అడిగిన ఆంటీలందరికీ ఇవాళ జవాబు చెబుతాను. షిఫ్టులు కాదు ఆంటీ, సిగ్గు!

నాది చీరాల. ఈ దేశం వచ్చి ఇక్కడి కాలేజీలో ఆటగాళ్ళ దెబ్బలకు చికిత్స చేసే కోర్సు చదువుతున్నాను, చదువులో భాగంగా ఏదో ఒక జట్టుతో పని చేయాలి, నాకు అమ్మాయిల వాలీబాల్ జట్టు దొరికింది. మమ్మల్ని స్టూడెంట్ ట్రైనర్లు అంటారు. పేరు గొప్పగానే ఉంటుంది గానీ చేసే పనేమిటంటే, మ్యాచ్‌కి ముందు బెణక్కుండా చీలమండలకు టేపు చుట్టడం, ఐసు సంచులు కట్టడం, నీళ్ళ సీసాలు నింపడం, ఎవరైనా పడితే పరుగెత్తడం. నాకు ఆ పనంటే ప్రాణం! మా పైన ఉండే థెరపిస్టు మార్గరెట్ గారు ఎవరినీ ఊరికే మెచ్చుకోరు, అలాంటిది నేను చుట్టిన టేపు చూసి ఒకసారి తల ఊపారు, ఇక ఆ రోజు నుంచి నేను నేల మీద నడిస్తే ఒట్టు.

ఆ జట్టులో నిత్య అనే అమ్మాయి ఉండేది. ఇక్కడే ఓక్‌విల్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, వాళ్ళమ్మ తెలుగులో అడిగితే తను ఇంగ్లీషులో జవాబు చెప్పే రకం, కానీ నన్ను మాత్రం నోరారా "అక్కా" అని పిలిచేది. అది తనకు కాలేజీలో ఆఖరి సంవత్సరం. కుడి చీలమండ అంతకుముందే ఒకసారి బెణికింది కాబట్టి గట్టిగా టేపు చుట్టకుండా తనని కోర్టులోకి పంపకూడదు, ఆ బాధ్యత నాది.

సెమీఫైనల్ రోజున టేపు చుట్టించుకోవడానికి బల్ల మీద కూర్చుని, "అక్కా, చాలా భయంగా ఉంది. కెన్ యూ ప్రే ఫర్ మీ?" అని అడిగింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను! వాళ్ళది మన సంఘం కాదు, అలాంటి అమ్మాయి తనంతట తాను అడిగింది, దేవుడు నన్ను ఈ దేశానికి దీనికోసమే తెచ్చాడనుకున్నాను. నా బ్యాగులో చిన్న సీసాలో ఒలీవ నూనె ఉంది. నేను బయలుదేరేటప్పుడు మా అమ్మ మా పాస్టరు గారి చేత ప్రార్థన చేయించి ఇచ్చిన నూనె అది. అడిగింది ప్రార్థన ఒక్కటే, నేను మాత్రం ఆ నూనె తీసి చీలమండ చుట్టూ రాసి, "ప్రభువా, ఈ పాదాన్ని నీ రెక్కల కింద దాచు" అని కళ్ళు మూసుకుని ప్రార్థించాను, తర్వాత తువ్వాలుతో పైపైన తుడిచేసి టేపు చుట్టేశాను.

చర్మం మీద తడి గానీ జిడ్డు గానీ ఉంటే టేపు పట్టదు. అది మాకు మొదటి వారంలో నేర్పే పాఠం, నాకు తెలుసు, తెలిసే చుట్టాను! అంతటితో ఆగినా బాగుండేది. రెండో సెట్టులో టైమ్ అవుట్ తీసుకున్నప్పుడు నిత్య పరుగెత్తుకొచ్చి, "అక్కా, టేప్ లూజ్ అవుతోంది. మళ్ళీ చుడతావా?" అని అడిగింది. టేపు చుట్ట నా చేతిలోనే ఉంది, చుట్టడానికి టైమూ ఉంది. నేనేమన్నానో తెలుసా? "ఏం కాదు నిత్యా, ప్రార్థన చేశాం కదా! వెళ్ళి ఆడు!" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో మోగుతూనే ఉంది. నన్ను నమ్మి ఆ పిల్ల నవ్వుతూ వెళ్ళిపోయింది.

నెట్ దగ్గర ఎగిరి, దిగడంలో అవతలి అమ్మాయి పాదం మీద కాలు వేసింది. తన కేక జిమ్ అంతా మోగింది. నేను పరుగెత్తాను గానీ మార్గరెట్ గారు నాకంటే ముందే చేరారు. మామూలుగా ఆ టేపుని కత్తెరతో కోసి తీయాలి, అలాంటిది ఆవిడ చేత్తో లాగితే మేజోడులా ఊడొచ్చింది. ఆవిడ వేళ్ళు వాసన చూసుకుని నా వైపు చూశారు. నిత్య వాళ్ళమ్మ ప్రేక్షకులు కూర్చునే మెట్ల మీది నుంచి అప్పటికే దిగొచ్చేసింది. విషయం తెలిసి నా ముఖం మీదే అడిగింది, "ప్రార్థన నీ నోటితో చేసుకోవచ్చు కదమ్మా, నా కూతురి కాలి మీద ఎందుకు చేశావ్?"

లిగమెంటు తెగింది. తన ఆట అక్కడితో అయిపోయింది, చిన్నప్పటి నుంచి ఆ ఆఖరి సీజన్ కోసమే ఎదురుచూసిన పిల్ల! మార్గరెట్ గారు నన్ను తిట్టలేదు, టేపు మాత్రం నా చేతికి ఇవ్వడం మానేసి నీళ్ళ సీసాలు నింపమన్నారు. ఒకవేళ ఇచ్చినా చుట్టలేకపోయేదాన్ని, టేపు చూస్తేనే నా వేళ్ళు వణికేవి. మా అమ్మ ఫోన్ చేసి, "నూనె అయిపోయిందా తల్లీ, ఎవరైనా వస్తుంటే ఇంకోటి పంపనా?" అంటే ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. నా కోపమంతా దేవుని మీదికి మళ్ళింది, నీ పేరు చెప్పుకుని రాస్తే నన్నే ఇలా నవ్వులపాలు చేస్తావా అని ఆయనతో మాటలు మానేశాను, ఇక్కడికి రావడమూ మానేశాను.

ఒక సాయంత్రం మన మిల్టన్ వచ్చే రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాను, బయట మంచు పడుతోంది, ఎదురు సీట్లో ఒకాయన బూటు లేసులు విప్పి, మళ్ళీ జాగ్రత్తగా బిగించి కట్టుకున్నాడు. అంతే! చూసింది లేసులే గానీ, నిత్య నన్ను అడిగిందీ ఇంతే కదా, మళ్ళీ బిగించమని, అనుకోగానే నాకు దుఃఖం పొంగుకొచ్చింది. అందరి ముందూ ఏడుస్తూ, "ప్రభువా, నువ్వు నన్ను నవ్వులపాలు చేయలేదు. నా అజాగ్రత్తకి నేనే విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను. నువ్విచ్చిన చేతులతో చేయాల్సిన పని ఎగ్గొట్టి నీ మీద వేశాను. నన్ను క్షమించు తండ్రీ, ఆ బిడ్డ కాలు బాగు చేయి. నాకు ఏ పని చెప్పినా చేస్తాను" అని ప్రార్థించాను. అది పొడి ప్రార్థన, అందులో నూనె లేదు, ఆడంబరం లేదు. ఆయన విన్నాడు!

మర్నాడు మార్గరెట్ గారి దగ్గరికి వెళ్ళి, నిత్య వ్యాయామాలప్పుడు పక్కన ఉండనివ్వమని బతిమాలాను. "అది నిత్య ఇష్టం" అన్నారు. నిత్య, "ఓకే అక్కా. బట్ ఐ యామ్ స్టిల్ మ్యాడ్" అంది. కోపంగానే ఉండమ్మా, ఎన్నాళ్ళైనా ఉండు అన్నాను. మిగిలిన చలికాలమంతా తను బ్యాలెన్స్ కోసం మెత్తటి దిండు మీద ఒంటికాలితో నిలబడేది, పడబోతే పట్టుకోవడం నా పని. నా వేళ్ళ వణుకు ఎప్పుడు తగ్గిందో నాకే తెలియదు గానీ, మంచు కరిగే రోజులకి నా చేతులు నిలబడ్డాయి, తనూ నిలబడింది, దేవునికే మహిమ!

వ్యాయామాల ఆఖరి రోజున నిత్య కుంటకుండా గదిలో ఒక చుట్టు మెల్లగా పరుగెత్తి వచ్చి, బల్ల మీద కూర్చుని మేజోడు తీసేసింది. "నీ ఆయిల్ ఎక్కడ అక్కా? ఇవాళ టేప్ లేదు కదా" అంది. నేను మార్గరెట్ గారి వైపు చూశాను. ఆవిడ తల ఊపారు. ఆ పాదానికి నూనె రాసి ప్రార్థించాను.

అంతా చక్కబడిందని చెప్పను. తను పోగొట్టుకున్న ఆట తిరిగి రాలేదు, ఎవరైనా గెలిచి గంతులేస్తుంటే తను తల తిప్పుకోవడం నేను చూస్తూనే ఉన్నాను, ఆ బాధ నాతోనే ఉంటుంది. కానీ నేను దాక్కున్న చోటు నుంచి నన్ను చేయి పట్టి లేపిన దేవుడు మిమ్మల్నీ లేపుతాడు. మీరూ ఏదైనా పని ఎగ్గొట్టి దానికి ఆయన పేరు పెట్టుకున్నారా? భయపడకండి, ఆయన దగ్గరికి రండి, ఆయన తోసేసే తండ్రి కాడు.

నిత్య ఇవాళ ఇక్కడే, వెనక వరుసలో కూర్చుంది. దింపడానికి వచ్చిన వాళ్ళమ్మ మాత్రం లోపలికి రాలేదు, పార్కింగ్‌లో కారులోనే ఉంది. ఆవిడ నాతో ఇంకా మాట్లాడదు. ఆవిడ కోసం, నా కోసం ఇప్పుడు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థించండి. మీరు ప్రార్థిస్తూ ఉండండి, నేను వెళ్ళి ఆ కారు అద్దం తడతాను.