విప్పినవాడే వెనక కూర్చోవాలి

ఆ రోజుల్లో మా ఈడు కుర్రాళ్ళకి ఎవరి భయాలు వాళ్ళకుండేవి. ఒకడికి రిజల్ట్సు వచ్చే పేపరంటే భయం, ఇంకొకడికి వాళ్ళ నాన్న చెప్పుల చప్పుడంటే భయం. నాకు మాత్రం ఒక మోటారు సైకిలంటే భయం. నడపడానికి కాదు, నాకు నడపనిచ్చిందెవరు గనక! బాగుచెయ్యడానికి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, తొంభైల నడుమ ఒక వానాకాలం, పామర్రులో మా మావయ్య వాళ్ళ వాకిట్లో ఆ బండి ముందు స్పానరు పట్టుకుని కూర్చుంటే నాకు కాలూ చెయ్యీ ఆడేవి కావు.

మా పెద్దమావయ్య పశువుల ఆస్పత్రిలో కాంపౌండరు. చుట్టుపక్కల ఊళ్ళల్లో అందరూ డాక్టరుగారనే పిలిచేవాళ్ళు (అసలు డాక్టరుగారు బెజవాడ నుంచి బస్సులో రావాలి, ఆయనొచ్చేసరికి గేదె తన దారి తాను చూసుకునేది). మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆయన దగ్గరున్నటువంటి బండి ఆ ప్రాంతంలో ఇంకెవరి దగ్గరా లేదు. పొలాల్లో చమురు వెతకడానికొచ్చిన సర్వేవాళ్ళు సామాను సర్దుకుని పోతూ వేలం వేస్తే కొన్నాడు. గుర్రమంత ఎత్తు, పళ్ళున్న టైర్లు, ముందు మడ్‌గార్డు చక్రానికి జానెడు పైన. మా నల్లమట్టి మామూలు బండి మడ్‌గార్డులో ఇరుక్కుంటే చక్రం తిరగనంటుంది, దీనికా బాధ లేదు. గట్ల మీద తిరగడానికి ప్రభువే పంపించాడని మా అత్తయ్య సాక్ష్యం కూడా చెప్పింది చర్చిలో. ఉన్నదల్లా ఒకటే లోపం, సీటెక్కితే మావయ్య కాళ్ళు నేలకందవు. ఆగాలంటే ఏ అరుగో, ఏ తూము గోడో చూసుకుని దాని మీద కాలు ఆనించి ఆగేవాడు. బజార్లో ఆయన ఫలానా కొట్టు ముందే ఆగుతాడంటే ఆ కొట్టు మీద అభిమానం అనుకునేవాళ్ళు, అక్కడున్న మెట్టు సంగతి ఎవరికీ తెలీదు.

నేనేమో బెజవాడలో పాలిటెక్నిక్ చదువుతూ (చదువుతున్నానని మా ఇంట్లోవాళ్ళు అనుకుంటూ) సెలవులకి అక్కడికెళ్ళాను. గుమ్మంలో సంచి దించకముందే మావయ్య "ఇంజినీరు వచ్చాడే! ఒరేయ్, బండి చూడరా" అన్నాడు. దాని జబ్బు విచిత్రమైంది. వాకిట్లో కిక్కు కొడితే బంగారంలా పలుకుతుంది. ఊరు దాటి కాస్త దూరం వెళ్ళాక గుక్కపట్టిన పిల్లాడిలా అయిపోయి ఆగిపోతుంది. కాసేపుంటే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. నాకు తెలియదని చెప్పడానికి పౌరుషం అడ్డొచ్చి, ఉన్నవన్నీ విప్పాను. ప్లగ్గు గరుకు కాగితంతో రుద్దాను. కార్బొరేటర్ విప్పి చాటలో పోశాను. ఎయిర్ ఫిల్టరు స్పాంజి పెట్రోల్లో కడిగి తీగ మీద ఆరేశాను (అంట్లు తోముకునేది అనుకుని అత్తయ్య దాంతో ఒక గిన్నె తోమేసింది, ఆ పూట చారు ఏదోలా ఉన్నా ఎవరం నోరెత్తలేదు). ఎక్కడా తప్పు దొరకలేదు.

ఆ ఇంట్లో ఒక రూలుండేది. విప్పినవాడే వెనక కూర్చోవాలి. "నట్టు బిగించేది నువ్వూ, మెడ విరిగేది నాదీనా? ఎక్కు!" అనేవాడు మావయ్య. ఊరి బయట తారు రోడ్డు మీద కాబట్టి అప్పటికి బతికాను. ఆగిపోతే దిగి తోసేవాణ్ణి. కానీ ఆ మాట వినీ వినీ రాత్రుళ్ళు కళ్ళు మూస్తే నట్లే కనపడేవి. బిగించిందే మళ్ళీ బిగించేవాణ్ణి. వెనక చక్రం ఇరుసు నట్టు దగ్గరైతే దణ్ణం పెట్టుకోవడం ఒక్కటే తక్కువ. చేపల చెరువుల గట్టు మీద ఇదే పరీక్ష పెడితే ఏం కావాలన్నది నా అసలు భయం. నాకు ఈత రాదు. మావయ్యకి వచ్చో రాదో అడిగే ధైర్యం అంతకన్నా లేదు.

అనుకున్నంతా అయింది. ఒకరోజు మధ్యాహ్నం, వాన కాస్త తెరిపిచ్చిన వేళ, కాలవ అవతల ఊరి నుంచి ఒకాయన బురద కాళ్ళతో వచ్చాడు. "డాక్టరుగారండీ, మా అమ్మ పంపిందండీ. గేదె పొద్దుట్నుంచి నొప్పులు పడతందండీ. దూడ అడ్డం తిరిగిందేమోనని భయంగా ఉందండీ. ఉన్నదదొక్కటేనండీ మాకు." మావయ్య అతన్ని మందుల షాపుకి పంపించి, నా వంక చూశాడు. బండి అప్పుడే బిగించడం పూర్తయింది.

"మావయ్యా, నడిచెళ్తే..."

"గేదె ఆగుతుందేంట్రా నువ్వు నడిచొచ్చేదాకా? ఎక్కు!"

అత్తయ్య తల మీద కొంగు కప్పుకుని ప్రార్థన మొదలుపెట్టింది. "పరిశుద్ధుడవైన తండ్రీ, ఆ చక్రములకు ముందు నీవే నడువుము. వీడు బిగించినవి ఊడకుండా నీ హస్తముతో పట్టుకొనుము..." ఆవిడక్కూడా నా పనితనం మీద ఉన్న నమ్మకం అంతేనని అప్పుడర్థమైంది. నా ఆమెన్ అందరికన్నా గట్టిగా వినపడింది.

గట్టెక్కాం. ఎడమ పక్క కాలవ నిండుగా ఎర్రగా పోతోంది. కుడిపక్క చేపల చెరువు. మధ్యలో బండీ, పక్కన ఒక మనిషీ పట్టేంత దారి, దాని మీద వేలెడు బురద. నేను కళ్ళు మూసుకుని నట్లు గుర్తు చేసుకుంటున్నాను. ఇరుసుది బిగించానా? బిగించాను. బ్రేకు రాడ్డుది? బిగించాననే అనుకుంటున్నాను. అక్కడిదాకా వచ్చేసరికి ఇంజను గుక్కపట్టి ఆగిపోయింది.

"దించు! కాళ్ళు దించరా!" అని మావయ్య కేక. నా పొడుగు కాళ్ళు రెండు పక్కలా గుంజల్లా పాతాను. చెప్పులు జారుతున్నాయి. గట్టు మధ్యలో నీళ్ళకీ నీళ్ళకీ నడుమ అలా నిలబడిపోయాం. మావయ్య తల తిప్పలేదు.

"ఏం విప్పావురా?"

"అన్నీ మావయ్యా."

"ఏం బిగించావు?"

"అన్నీ... అనుకుంటా."

ఆ 'అనుకుంటా' ఎందుకన్నానో నాకే తెలీదు. ఆయన పెద్ద గొంతు చిన్నదైపోయింది. "పెట్రోలుందేమో చూడు" అన్నాడు. నేను కాళ్ళు తీస్తే బండి పడిపోతుంది. వెనక నుంచే ఆయన పొట్ట మీదుగా చెయ్యి చాపి ట్యాంకు మూత తిప్పాను. బుస్సుమంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం, పామనుకుని. కిక్కు కొడితే స్టార్టయింది. కాస్త దూరం పోయి మళ్ళీ ఆగింది. మళ్ళీ మూత తిప్పాను, మళ్ళీ బుస్సు, మళ్ళీ స్టార్టు. అప్పుడు వెలిగింది నాకు.

అంతకుముందు వేసవిలో మావయ్య బెజవాడ వెళ్ళి ట్యాంకుకి ఎర్ర రెక్సిన్ కవరు కుట్టించుకొచ్చాడు. ఒక్క చుక్క వాననీరు దిగినా ఊరుకోనని కుట్టేవాడి నెత్తిన కూర్చుని, మూతకి కూడా రెక్సిన్ టోపీ చేయించి సొల్యూషన్‌తో అంటింపజేశాడు. ఆ మూతలో గాలి పోవడానికి సన్నటి చిల్లుంటుంది. అది మూసుకుపోతే పైనుంచి గాలి దిగదు, గాలి దిగకపోతే కింద పెట్రోలు రాదు (ఈ పాఠం నేను తప్పిన సబ్జెక్టులోదే).

"మావయ్యా, టోపీ చింపేస్తా."

"చింపావంటే చంపుతా. కొత్తది. మూత వదులుచేసి పట్టుకో!"

అలా మిగతా గట్టంతా ఆయన్ని వెనక నుంచి కావలించుకుని, వదులు మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. వాన లేదు, అయినా ఆయన చొక్కా తడిసి ముద్దయింది. నా ముంజెయ్యి ఆయన ఛాతీకి ఆనింది. లోపల ఇంజను కన్నా జోరుగా కొట్టుకుంటోంది. ఇంట్లో అందర్నీ గడగడలాడించే మనిషి వణుకుతున్నాడు. ఆ సంగతి తెలిశాక నా భయం తగ్గాలి కదా, రెట్టింపయింది.

"గట్టిగా పట్టుకోరా."

"మూత పట్టుకున్నా మావయ్యా."

"మూత కాదెహె, నన్ను!"

గట్టు దిగి పాక ముందున్న కుడితి తొట్టి మీద ఆయన కాలు ఆనించేసరికి ఒక ముసలమ్మ ఆదరాబాదరాగా బయటికొచ్చింది. "అదేంటండీ డాక్టరుగారూ, అప్పుడే వచ్చేశారా! ఎప్పుడూ గట్టు పొడుగునా బండి తోసుకుంటా వస్తారు కదండీ, ఇంకో గంట పడుద్దనుకున్నానండి. ఈలోపు అదే ఈనేసిందండీ, పెయ్యదూడ. మరి ఇవాళేంటండీ, ఎక్కొచ్చారూ?"

నేను దూడ వంక చూస్తూ ఉండిపోయాను. ఇంకెటు చూసినా ప్రమాదమే. మావయ్య దగ్గి, గేదెని పరీక్షించి, బాగుందన్నాడు. తర్వాత పెట్టెలోంచి పెద్ద సూది తీసి, బండి దగ్గరికొచ్చి, ఆ రెక్సిన్ టోపీకి పొడిచాడు. ఆ రోజు ఆయన చేసిన ఇంజక్షన్ అదొక్కటే. ఆ తర్వాత బండి ఎప్పుడూ ఆగలేదు.

జున్నుపాల క్యాను పట్టుకుని తిరిగొస్తుంటే గట్టు మొదట్లో మావయ్య బండి ఆపాడు. "దిగరా. నడుద్దాం" అన్నాడు. బండి బాగైపోయింది, అయినా దిగాను. ఆయన హ్యాండిలూ, నేను వెనక సీటూ పట్టుకుని గట్టంతా తోశాం. సగం దారిలో, నా వంక చూడకుండానే, "నువ్వు వెనకున్నావని ఎక్కానురా. అత్తయ్యకి చెప్పకు" అన్నాడు. అంతకాలం శిక్షనుకున్న రూలు శిక్ష కాదని అప్పుడు తెలిసింది. ఎందుకో ఏడుపొచ్చింది. క్యాను చెయ్యి మార్చుకుని తుడుచుకున్నాను.

ఇప్పుడు నా స్కూటరుకి అలాంటి ఎత్తూ లేదు, అలాంటి గట్టూ లేదు. అయినా సర్వీసింగ్ అయ్యాక మెకానిక్కుని ఒక రౌండు వెనక కూర్చోమంటాను. "పని మీద నమ్మకం లేదా సార్?" అంటాడు పాపం. కిక్కు కొట్టి ఎక్కమంటాను. బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర లారీల మధ్య మలుపు తిరిగేటప్పుడు మాత్రం నోరు ఊరుకోదు.

"గట్టిగా పట్టుకో బాబూ."

"రాడ్డు పట్టుకున్నానండీ" అంటాడు.

సర్లే అని, మావయ్యని తలుచుకుని, నాలో నేను నవ్వుకుని మలుపు తిప్పుతాను.