షెడ్డంతటినీ మించిన మనిషి

బయట ఎవరైనా నలుగుర్ని మించితే మెచ్చుకుంటారు. చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో మాత్రం "ఆవిడ మించింది" అన్నారంటే తిట్టినట్టే. ఒక్కరు మించారా, వాళ్లు కుట్టినన్ని కాలర్లే మర్నాటి నుంచి అందరికీ లెక్క. మరి ఎవరు మించుతారు చెప్పండి? చేతిలో సత్తా ఉన్నవాళ్లు కూడా మంచినీళ్లకని లేస్తూ, మిషను మొరాయించిందని సణుగుతూ ఒళ్లు దాచుకునేవాళ్లు. ఆ విద్యలో చిన్నకోడలు ఆరితేరిపోయింది.

పక్క మిషను ఆమె తోడికోడలిది, ఆ ఇంటి పెద్దావిడది. ఇంట్లో కూర తాలింపు దగ్గర్నుంచి కొంగు మడత దాకా ఇద్దరికీ పోటీయే. ఈమధ్య పెద్దావిడకి చూపు మందగించింది, కుట్టు వంకర పోతోంది. అడిగితే ఒప్పుకుంటుందా మహాతల్లి! "దారం మంచిది కాదు" అనేది. బావగారు మంచాన పడ్డాక వాళ్లిద్దరి తిండికీ మందులకీ ఆధారం ఆవిడ సంపాదనే.

ఆ రోజు పొద్దున సూపర్‌వైజరు వచ్చి, సాయంత్రానికి అందరికంటే వెనకబడ్డవాళ్లని పనిలోంచి తీసేస్తానన్నాడు. ఆ వెనకబడేది పెద్దావిడేనని చిన్నకోడలికి తెలుసు. మరేం ఆలోచించలేదు. తలెత్తకుండా ఎడాపెడా కుట్టి, ఎవరి కంటా పడకుండా తన రోజువారీ లెక్క పోను మిగిలిన కాలర్లన్నీ పెద్దావిడ బుట్టలోకి తోసేసింది. ఆ కంగారులో ఎన్ని తోసిందో చూసుకుంటేగా!

సాయంత్రం బుట్టలు లెక్కపెట్టుకుంటూ వచ్చిన సూపర్‌వైజరు పెద్దావిడ దగ్గర ఆగాడు.

"ఏమ్మా, ఇంత పనితనం ఇన్నాళ్లూ ఎక్కడ దాచావు? షెడ్డంతటినీ మించేశావే."

వెనక వరసలో ఎవరో పళ్లు కొరికారు. పెద్దావిడ బుట్టలోకి చెయ్యి పెట్టి కాలర్లు తడిమి చూసుకుంది.

"రేపట్నుంచి అందరికీ ఇదే లెక్క. నువ్వు నా బల్ల ఎదురుగా కూర్చుని కుట్టు. వీళ్లంతా నిన్ను చూసి నేర్చుకుంటారు," అని అప్పటికప్పుడే ఆవిడ మిషను ముందుకు జరిపించాడు.

ఇంటిదారిలో ఇద్దరితోనూ ఎవరూ మాట్లాడలేదు.

"నీ పనేనా?" అంది పెద్దావిడ.

"నిన్ను తీసేస్తారని భయమేసింది అక్కా. రేపు నిజం చెప్పేస్తాను."

"చెప్తే ఇద్దర్నీ గెంటేస్తాడు."

"చెప్పకపోతే? రేపు ఆయన ఎదురుగా అన్ని ఎలా కుడతావు?"

పెద్దావిడ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏనాడూ ఒప్పుకోని మాట అప్పుడు ఒప్పుకుంది.

"నాకు కనబడటం లేదే. కుట్టే కాదు, నీ మొహం కూడా సరిగ్గా కనబడటం లేదు."

చిన్నకోడలు రోడ్డు మీదే నిలబడి భోరున ఏడ్చేసింది.